గంగమ్మకిచ్చిన చేప

రత్నం అలాస్కాలో దిగి ఇంకా సరిగ్గా వణకడమైనా మొదలుపెట్టకముందే కొడుకు ఆమె దగ్గర మాట పుచ్చుకున్నాడు.

"అమ్మా, లోపలికెళ్ళాక చేపల సంగతి ఎత్తకు. ప్లీజ్."

ఇదెక్కడనుకున్నారు? యాంకరేజ్‌లో డాక్టర్ భీమశంకర్ గారి గుమ్మం ముందు, మంచులో నిలబెట్టి. 1984 మార్చి నెల అది. అలాస్కాలో ఆమె కొడుకు కొండల్ రావు ఎరిగిన తెలుగువాళ్ళంతా ఆ ఇంటి భోజనాల బల్ల చుట్టూ పట్టేస్తారు. ఆ బల్ల దగ్గరే ఎప్పుడో ఎవరో అడిగితే, తన తండ్రి మెరైన్ ఎక్స్‌పోర్ట్స్ చేసేవారని చెప్పుకున్నాడు. అందులో మరీ అబద్ధమేమీ లేదు లెండి. భీమిలి దగ్గర తెప్ప మీద వేటకెళ్ళి ఆయన సముద్రంలోంచి ఒడ్డుకి ఎక్స్‌పోర్ట్ చేసేవాడు. ఒడ్డు నుంచి వాల్తేరు వీధుల్లోకి నెత్తిన తట్ట పెట్టుకుని రత్నం ఎక్స్‌పోర్ట్ చేసేది.

"నాకిక్కడ ఎవలు తెలుసేటి, ఎవలికి సెప్తాను?" అంది రత్నం. "సర్లే, ఎత్తను. మాటిచ్చినాను."

ఇచ్చిందే గాని ఆ మాట ఆమె గొంతులో ముల్లులా దిగబడింది. ఆ తట్టంటే ఆమెకి ఏనాడూ సిగ్గు లేదు. మొగుడు పోయాక ఇంటిని నిలబెట్టింది అదే, కొడుకుని చదివించిందీ అదే. కొడుకు సంగతి వేరు. బడిలో పక్కవాళ్ళు ముక్కు మూసుకుని బెంచీ చివరికి జరిగిపోయేవారు. హాస్టల్లో వాడి గ్లాసు ఎవరూ ముట్టుకునేవారు కారు. వాడు ఒళ్ళు తోమి తోమి, పుస్తకాలు తిప్పి తిప్పి, లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ఇంత దూరం వచ్చి మాస్టరయ్యాడు. అదంతా రత్నం కళ్ళారా చూసింది. అందుకే ఆ రోజు ఎదురు చెప్పలేదు. భీమశంకర్ గారి భార్య మీ ఊరేమిటి, మీకు పొలాలున్నాయా అని ఎంత తరిచి అడిగినా రత్నం చలి గురించే మాట్లాడింది.

మర్నాడు యాంకరేజ్ నుంచి ఇంకో విమానమెక్కి కొడుకు ఉండే ఊరు చేరారు. దాని పేరు కాట్‌జెబ్యూ. ఆర్కిటిక్ వలయానికి పైన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఇసకనాలుక మీద కట్టిన ఊరు. కొండల్ రావు అక్కడి హైస్కూల్లో లెక్కలు చెప్తాడు, భార్య జయంతి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. జనంలో ఎక్కువమంది ఇనుపియాట్‌లు, ఎన్ని తరాల నుంచో వేటే తిండిగా, చేపే ఊపిరిగా బతికినవాళ్ళు.

విమానాశ్రయం నుంచి ఇంటికి వచ్చే దారిలో రత్నం కారు కిటికీకి మొహం ఆనించి చూసింది. ఏ ఇంటి ముందు చూసినా చేపలు ఎండబెట్టే కొయ్య పందిళ్ళే. గోడల వారన మంచులో, గడ్డకట్టిన చేపల్ని వంటచెరుకులా పేర్చి పెట్టుకున్నారు. చేయంత పొడుగు చేపలు, వెండిలా మెరుస్తున్నవి. ఆమెకి నవ్వాగలేదు.

"ఒరే కొండబాబూ! సేపల మాట ఎత్తొద్దని ఒట్టేయించుకుని, తెచ్చి తెచ్చి ఇక్కడికే తెచ్చినావేటిరా నన్ను?"

కొండల్ రావు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడిపాడు. జయంతి మొహం తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక సీట్లో ఎనిమిదేళ్ళ సుమతి మాత్రం నానమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే పకపకా నవ్వేసింది. ఆ క్షణం నుంచీ నానమ్మా మనవరాలూ ఒక జట్టు.

ఆ పిల్ల అమెరికాలోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మాటల చివర్లు ఎక్కడో రాలిపోతాయి. రోజూ పొద్దున్నే రత్నం దానికి జడ వేసేది. ఏప్రిల్ నెలాఖరున ఒక పొద్దున అలా జడ వేస్తుంటే పిల్ల బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంది.

"ఏటే గుంటా, ఎవలేటన్నారు?"

"నానమ్మ, మా క్లాస్‌లో అందరు ఇచ్చారు. నేను ఒక్క దాన్నే ఇవ్వలేదు."

"ఏటిచ్చినారు?"

"ఫస్ట్ ఫిష్. మనం పట్టిన ఫస్ట్ ఫిష్ మనం తినకూడదు. మొత్తం ఇచ్చెయ్యాలి. అప్పుడే పెద్ద అవుతాం. డాడీ నన్ను ఫిషింగ్‌కి వెళ్ళనివ్వడు. అందుకని నేను ఇక్కడి అమ్మాయి కాదు అంటున్నారు."

రత్నం చేతులు జడలో ఆగిపోయాయి. ఎక్కడి భీమిలి, ఎక్కడి మంచు! మొదటి చేప మనది కాదన్న మాట ఈ భూమి కొసన కూడా ఉందా? ఆమె పుట్టినింటి ఆచారమూ అదే. ఇంటి పిల్లవాడు పట్టిన మొదటి చేపకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తిరిగి నీళ్ళలోకి వదిలేస్తారు. అది గంగమ్మ వాటా. ఆ తల్లికి ఇవ్వకుండా ఇంకొక చేప ముట్టకూడదు. డప్పులు మోగుతాయి, పేటంతా ఒడ్డుకి వస్తుంది. ఆ రోజు నుంచి వాడు వేటగాడు.

"మరి ఈ మాట ముందే సెప్పొద్దేటి? మన పద్ధతీ అదేనే!" అంది రత్నం, పిల్లని గిర్రున తనవైపు తిప్పుకుని. "నువ్వూ పడతావు. నువ్వూ ఇత్తావు. నానున్నాను కదా."

ఎవరికి ఇవ్వాలని మాత్రం ఆమె అడగలేదు. అందులో అడిగేదేముంది? మొదటి చేప ఇంకెవరికిస్తారు?

కొడుకు ఊళ్ళో ఉంటే ఈ పని జరగదు. అదృష్టం కొద్దీ ఆ వారం లెక్కల మాస్టర్లకి ఏదో మీటింగని యాంకరేజ్ వెళ్ళాడు. జయంతిని ఒప్పించడమే మిగిలింది.

"అత్తయ్యా, ఆయనకి తెలిస్తే ఒంటికాలి మీద లేస్తారు," అంది జయంతి.

"లెగనీ. ఆ రెండో కాలు నాను పట్టుకుంతాను."

జయంతి నవ్వింది గాని, లోపల ఆమెకీ కూతురి బెంగ తెలుసు. ల్యాబ్‌లో తనతో పనిచేసే క్లారాతో మాట్లాడింది. క్లారా ఆ ఊరి ఆడది, శనివారం శనివారం చేపలకి వెళ్ళేదే. మంచు మీద నడిచే స్నో మెషీన్ వెనక బల్లబండి కట్టి ఇద్దర్నీ తీసుకెళ్తానంది.

శనివారం నాడు రత్నం చీర మీద స్వెట్టరూ, స్వెట్టర్ మీద కొడుకు పార్కా కోటూ వేసుకుని మూటలా తయారైంది. బయల్దేరే ముందు తనే దేవుడి అలమర దగ్గరికెళ్ళి, చిటికెడు పసుపూ చిటికెడు కుంకుమా కొంగున ముడి వేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలిసిందే అనుకున్న సంగతి ఎవరైనా చెప్తారా?

ఊరికి అవతల సముద్రపు పాయ గడ్డకట్టి, కనుచూపు మేర తెల్లటి మైదానంలా ఉంది. ఎండ కళ్ళు చెదరగొడుతోంది. క్లారా మంచులో రెండు కన్నాలు తొలిచింది. ఒకటి వీళ్ళకి, కాస్త దూరంలో ఒకటి తనకి. రత్నం వంగి, కన్నంలోంచి చేత్తో నీళ్ళు తీసి నాలిక్కి రాసుకుంది. ఉప్పు తక్కువే గాని సముద్రమే. కళ్ళకద్దుకుంది. "ఇక్కడా ఉన్నావా తల్లీ" అనుకుంది.

అక్కడ గేలం వేసే పద్ధతి వేరు. జానెడు పొట్టి కర్రకి దారం, దారం చివర మెరిసే గేలం. కన్నంలోకి వదిలి, పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చోవాలి. సుమతి కూర్చుంది. చేతులు మార్చుకుంది, ముక్కు ఎర్రబడింది, రెండుసార్లు ఏడుపు మొహం పెట్టింది. రత్నం పక్కన కూలబడి దాని వీపు రుద్దుతూనే ఉంది.

ఉన్నట్టుండి కర్ర కిందికి లాగింది.

"నానమ్మ! నానమ్మా!"

"నాను ముట్టను. నువ్వే లాగు. నీ సేప అది!"

పిల్ల కర్ర వదలకుండా వెనక్కి వెనక్కి నడిచింది, జారి పడింది, పడుకునే లాగింది. కన్నంలోంచి వెండి ముద్దలాంటి చేప మంచు మీదికి వచ్చి పడింది. ఎగిరెగిరి పడుతోంది. షీఫిష్ అంటారు దాన్ని. నిలబెడితే సుమతి మోకాళ్ళ దాకా వస్తుంది. అటునుంచి క్లారా రెండు చేతులూ ఎత్తి కేక పెట్టింది. రత్నం కళ్ళలో నీళ్ళు ఎప్పుడు వచ్చాయో ఆమెకే తెలియదు.

గబగబా గేలం తప్పించి, కొంగు ముడి విప్పింది. "ఇటు రా తల్లీ. పసుపు రాయి. ఇదిగో, బొట్టు పెట్టు."

డాడీ కొత్త కారు కొన్నప్పుడు చేసిన పూజలాంటిదే కాబోలనుకుంది సుమతి. చేప తలకి పసుపు రాసింది, కళ్ళ మధ్య శ్రద్ధగా కుంకుమ బొట్టు పెట్టింది, దండం కూడా పెట్టింది.

రత్నం ఆ చేపని రెండు చేతులా ఎత్తి, "అమ్మా గంగమ్మా, ఇది నా మనవరాలిత్తన్నాది, తీసుకో!" అని కన్నంలోకి వదిలేసింది. పసుపు మొహంతో ఆ చేప ఒక్క క్షణం అలా నిలబడి, తోక ఆడించి, చీకటి నీళ్ళలోకి దిగిపోయింది.

సుమతి గట్టిగా కేక పెట్టింది.

"అది నాది కాదు! అది ఆనాది! నోరా ఆనాకి ఇవ్వాలి! ఎందుకు వదిలేసావు? ఎందుకు?"

క్లారా పరిగెత్తుకొచ్చి కన్నం వైపూ, రత్నం వైపూ మార్చి మార్చి చూసింది. సామాను సర్దేసింది.

ఇంటికొచ్చాక జయంతి క్లారాని అడిగి విడమరిచి చెప్తే రత్నానికి అర్థమైంది. అక్కడివాళ్ళు ముసలమ్మలందర్నీ ఆనా అంటారు. పిల్లలు పట్టిన మొదటి చేపని ఊళ్ళో పెద్దావిడ చేతుల్లో పెడతారు. ఆ పెద్దావిడ క్లారా తల్లి నోరా. ఆవిడ చేప అందుకుని, పిల్లని పొదువుకుని, చిందేసి, నలుగురికీ చెప్పుకుని మురిసిపోతుంది. అంతవరకూ బాగానే ఉంది. ఇంకొకటుంది. పట్టిన చేపని తిరిగి నీళ్ళలోకి వదలడం అక్కడ పెద్ద తప్పు. దాంతో ఆటలాడినట్టు, అవమానించినట్టు. అలా చేసినవాళ్ళ దగ్గరికి చేపలు మళ్ళీ రావంటారు.

"నాను సేపతో ఆడుకున్నానా?" అంది రత్నం. ఆమె జన్మలో అలాంటి నింద పడలేదు. కంపు అన్నారు, గంప అన్నారు, పడింది. ఇది మాత్రం పడలేకపోయింది.

సోమవారానికి బడంతా పాకిపోయింది. సుమతి మధ్యాహ్నమే తిరిగొచ్చి మంచం మీద బోర్లా పడుకుంది. "నాకు ఇంక ఫిష్ రావు. ఎప్పుడు రావు," అని దిండులోకి చెప్పింది. నానమ్మ జడ వేస్తానంటే తల వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల తల వెనక్కి లాక్కోవడం రత్నానికి కత్తి కోతలా తగిలింది. కొడుకు చేపల మాట ఎత్తొద్దన్నా ఓర్చుకుంది గాని, దీన్ని ఓర్చుకోవడం ఆమె వల్ల కాలేదు.

సాయంత్రం కొండల్ రావు దిగాడు. అప్పటికే దారిలో ఎవరో చెప్పేశారు.

"ఏం చేశావమ్మా? నాలుగేళ్ళ నుంచి ఈ ఊళ్ళో మర్యాదగా బతుకుతున్నాను. ఎక్కడ ఏది వద్దన్నానో సరిగ్గా అదే చేశావు!"

"అయిపోనాదా? ఇప్పుడు నన్ను ఆ నోరా కాడికి తీసుకెళ్ళు."

"ఎందుకు? ఇంకా ఏం మిగిలిందని?"

"పిల్ల పరువు మిగిలింది. నాకు ఆళ్ళ బాస రాదు. నా మాట నీ నోటితో సెప్పాల. లెగు."

తట్ట దించి బేరం మొదలుపెట్టేటప్పుడు ఆమె గొంతు సరిగ్గా అలాగే ఉండేది. ఆ గొంతుకి ఎదురు చెప్పడం కొండల్ రావుకి చిన్నప్పుడూ చేత కాలేదు, ఇప్పుడూ చేత కాలేదు. సుమతిని కూడా లేపి కోటు వేయించింది రత్నం. ముగ్గురూ నడిచి వెళ్ళారు.

నోరా ఎనభైకి దగ్గరపడిన మనిషి. గుప్పెడంత ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుని చర్మపు బూటు కుట్టుకుంటోంది. క్లారా టీ తెచ్చి పెట్టింది. నోరా సూది ఆపి, ఎవరినీ తొందరపెట్టకుండా చూస్తూ కూర్చుంది. ఆ చూపులో కోపం లేదు, చనువూ లేదు. తనలాంటి మనిషేనని రత్నానికి వెంటనే తెలిసిపోయింది. బతిమాలితే లొంగే రకం కాదు.

"సెప్పు," అంది రత్నం కొడుకుతో. "సేప వొదిలింది నాను, పిల్ల కాదు. ఆటకి వొదల్లేదు. మావు గంగమ్మ బిడ్డలం. సేపలు పట్టి బతికినోళ్ళం. మొదటి సేప మా తల్లికిత్తాం. అదే మాకు పెద్ద మర్యాద. అలగ సెప్పు."

కొండల్ రావు గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో చాలా మర్యాదగా, మా అమ్మ పెద్దదైపోయింది, మాది వేరే దేశం, ఆవిడకి చేపలంటే ఏమిటో తెలియదు, బతికున్న చేప ఎగిరేసరికి భయపడి వదిలేసింది, సారీ, అన్నాడు.

నోరా తలాడించింది. ఆ ముసలి కళ్ళలోకి జాలి వచ్చింది. రత్నం ఆ జాలిని చూసింది. సారీ అన్న మాట ఆమెకి తెలుసు. తను ఆ మాట అనలేదనీ తెలుసు.

"ఏటన్నాడే మీ నాన్న?" అని అడిగింది మనవరాల్ని.

సుమతి తండ్రి మొహం చూసింది. ఇంటి నుంచి ఉలుకూ పలుకూ లేకుండా వచ్చిన పిల్ల అప్పుడు నోరు విప్పింది. "నువ్వు భయపడ్డావు అన్నాడు. నీకు ఫిష్ అంటే తెలీదు అన్నాడు." ఆపైన తండ్రివైపు తిరిగి ఇంగ్లీషులో, "డాడీ, నానమ్మ అలా చెప్పలేదు," అంది.

కొండల్ రావు చెవులు ఎర్రబడ్డాయి.

రత్నం కొడుకు మీద కేకలు వెయ్యలేదు. లేచి నిలబడింది. "కొండబాబూ, నీకిచ్చిన మాట ఈ పూట ఎనక్కి తీసుకుంతన్నాను. మీ అయ్య తుపానులో తెప్పేసుకుని ఎల్లినోడు. నాను తట్టెత్తుకుని మైళ్ళకి మైళ్ళు నడిసినదాన్ని. నాకు సేపంటే బయ్యమా? నువ్వు సిగ్గుపడితే పడు, అది నీ ఇట్టం. నన్ను సిగ్గుపడమనీకు. ఈ గుంటని అసలే పడనీకు."

కొండల్ రావు ఒకసారి కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ గోడ వారన చేపలు పేర్చి ఉన్నాయి, వాటి పక్కనుంచే ఎవరో పిల్లలు ఆడుకుంటూ పోతున్నారు, ఒక్కరూ ముక్కు మూసుకోలేదు.

"నేను ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాడు నోరాతో. "మళ్ళీ చెప్తాను."

ఈసారి నిదానంగా చెప్పాడు. మాకు భూములు లేవు, మా నాన్న రోజూ సముద్రం మీదికి వెళ్ళేవాడు, మా అమ్మ ఆ చేపలు అమ్మి నన్ను చదివించింది, మొదటి చేపని మా వాళ్ళు సముద్రానికే ఇస్తారు, అది ఆట కాదు, అంతకంటే పెద్ద మర్యాద మాకు లేదు, అన్నాడు. మొదట్లో తడబడిన గొంతు పోను పోను గట్టిపడింది. ఆ భాష ఒక్క ముక్క తెలియకపోయినా, ఈసారి తన మాటే చెప్తున్నాడని రత్నానికి తెలిసింది. సుమతి మధ్యలో ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

నోరా కుట్టుపని పక్కన పెట్టేసింది. తర్వాత సుమతిని దగ్గరికి పిలిచి, రెండు బుగ్గలూ పట్టుకుని ఏదో చెప్పింది. చెప్పి, కూర్చున్న చోటే చేతులాడిస్తూ చిన్న చిందు వేసింది. పిల్ల మొహం విప్పారింది.

"ఏటంతన్నాది?"

కొండల్ రావు తెలుగులో చెప్పాడు. "ఈ ఊళ్ళో నేనే పెద్దదాన్ని, కానీ ఆ నీళ్ళు నాకంటే చాలా పెద్దవి అంటోంది. నీ చేప పెద్దవాళ్ళకే చేరింది, ఈ ఊళ్ళో ఎవరైనా కాదంటే నా దగ్గరికి పంపించు, అని చెప్పింది సుమతికి."

రత్నం అప్పుడు కూర్చుంది.

టీ చల్లారిపోయింది. క్లారా మళ్ళీ పోసింది. నోరా రత్నాన్నే చూస్తూ ఇంకో ప్రశ్న వేసింది. కొండల్ రావు దాన్ని వెంటనే తెలుగులోకి తేలేకపోయాడు. ఎందుకంటే నలభై ఏళ్ళ బతుకులో ఆ ప్రశ్న అతనికెప్పుడూ తోచలేదు.

"అమ్మా... నీ మొదటి చేప ఏమిటని అడుగుతోంది."

రత్నం నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"నాకు నేదు," అంది. "మా కాడ ఆడగుంటల్ని తెప్ప ఎక్కనివ్వరు బాబూ. వల ముట్టనివ్వరు. మా అన్నదమ్ములు ముగ్గురి మొదటి సేపలకీ పసుపు నూరింది నానే. పళ్ళెం పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. డప్పులు కొట్టినారు. నాకు ఎవలు కొడతారు? ఆళ్ళు పట్టిన సేపలు జల్మంతా అమ్మినాను గాని, ఒక్కటీ నాను పట్టలేదు. మా వంశంలో ఆడది పట్టిన మొదటి సేప మొన్న ఈ పిల్ల పట్టిందే. అందుకే... ఎవలికియ్యాలని అడగడానికి కూడా నాను ఆగనేదు."

కొండల్ రావు ఇది ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి ఆగాడు. మూడోసారి చెప్పాడు. చెప్తున్నంతసేపూ తల్లి చేతుల వైపే చూశాడు. సుమతి మెల్లిగా వచ్చి నానమ్మ ఒడిలో ఎక్కి కూర్చుంది.

నోరా మాత్రం ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. తొడ చరిచి మరీ నవ్వింది.

"అయితే ఈవిడ ఇంకా చిన్నపిల్లేనట," అన్నాడు కొండల్ రావు, కళ్ళు తుడుచుకుంటూ. "రేపు తీసుకురమ్మంటోంది. ఆ చేప మాత్రం సముద్రానికి కాదు, తనకే ఇవ్వాలట. సముద్రం వాటా మీ ఇంటి తరఫున మొన్నే ముట్టిందట."

మర్నాడు బడి అయ్యాక అందరూ పాయ మీదికి వెళ్ళారు. స్నో మెషీన్ నడిపింది క్లారాయే గాని, బల్లబండి మీద తల్లిని పట్టుకుని కూర్చున్నది కొండల్ రావు. కన్నం దగ్గర సుమతి నానమ్మ చేతికి కర్ర ఇచ్చి, ఎలా ఆడించాలో తన చివర్లు రాలిన తెలుగులో నేర్పింది. జయంతి ఫ్లాస్కులో కాఫీ తెచ్చింది. రత్నం కాసేపటికి విసిగిపోయి, ఈ చేపలకి బొత్తిగా మర్యాద తెలియదనీ, భీమిలి చేపలైతే ఈపాటికి వరస కట్టేవనీ తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్టు మధ్యలోనే కర్ర లాగింది.

ఎవరూ సాయం పట్టలేదు, ఆమె పట్టనివ్వలేదు. అరవై దాటిన ఆడది, కొంగు నడుముకి దోపి, బూట్లు మంచులోకి తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగింది. చేప పైకి వచ్చింది, సుమతి పట్టినదాని కంటే కాస్త చిన్నది. రత్నం దాన్ని ముట్టుకోకుండా కొంతసేపు నిలబడి చూసింది. తన జీవితంలో ఎన్ని వేల చేపలు ఆ చేతుల మీదుగా పోయాయో, ఇదొక్కటే తనది.

తిరిగొచ్చేసరికి నోరా ఇంటికి పోయే సముద్రపు వీధిలో జనం ఉన్నారు, బడి పిల్లలు, దుకాణం నుంచి వచ్చేవాళ్ళు, ఆస్పత్రి నుంచి ఇళ్ళకి పోయేవాళ్ళు. క్లారా బండిని ఇంటి దాకా పోనిస్తానంది. కొండల్ రావు వద్దని వీధి మొదట్లోనే దిగాడు. వంగి ఆ చేపని తన రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. జిగురూ నీళ్ళూ కోటు ముందుభాగమంతా కారాయి. తుడుచుకోలేదు.

"చేప పట్టావా మిస్టర్ రావ్?" అని ఎవరో అరిచారు.

"నేను కాదు. మా అమ్మ! మా అమ్మ మొదటి చేప!"

ఇంకో ఇంటి ముందు ఇంకొకరు అడిగారు. అక్కడా చెప్పాడు, ఇంకాస్త గట్టిగా. అడగనివాళ్ళకి కూడా చెప్పాడు. తన క్లాసు పిల్లలు పదిమంది వెంటపడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి, మీ వాళ్ళు కూడా చేపలు పడతారా, అని ఆశ్చర్యంగా అడిగింది.

"పడతాం," అన్నాడు కొండల్ రావు. "మేం ఎప్పటినుంచో చేపలవాళ్ళం."

వెనక వస్తున్న సుమతి ఆ మాటని నానమ్మకి తెలుగులో చెప్పింది. రత్నం మళ్ళీ చెప్పమంది. సుమతి మళ్ళీ చెప్పింది. నోరా గుమ్మం చేరేదాకా ఆ పిల్ల చేత ఆ ఒక్క మాటే చెప్పించుకుంటూ నడిచింది.